అడగండి చెప్తాను: పుస్తకం చూడకుండా పాఠం చదివే పిల్లాడు

చదువు ఎక్కని పిల్లల గురించి ఈ పేజీలో రాయమని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు గానీ ఈసారి మాత్రం ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు కలిపి సంచి నిండిపోయింది, అందులో సగం పైన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. నేను ఈ ప్రాంతంలోనే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం గవర్నమెంటు నడిపే భవిత కేంద్రంలో స్పెషల్ టీచర్‌గా చాలా ఏళ్ళు చేశాను కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే పాత రిజిస్టర్ తిరగేసినట్టే ఉంది. పేర్లు, ఊర్లు కావాలనే తీసేశాం. ఒకేలాంటివి పక్కన పెట్టి ఐదింటికి జవాబు ఇస్తున్నా. మొదటిది కొంచెం పెద్దది, ఏమీ అనుకోకండి, మిగతా చాలామందికి జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది నరసన్నపేట దాటాక సముద్రం వైపు ఊరు. మా ఆయన వేరావల్‌లో బోటు మీద పనికెళ్తారు, వేట ఆపినప్పుడే ఇంటికాడ ఉంటారు. మా గుంటడికి తొమ్మిదేళ్ళు, నాలుగో క్లాసు, ప్రైవేట్ స్కూలు, ఇంగ్లీష్ మీడియం. పాఠం సదవమంటే గడగడా సదివేస్తాడు, మొన్న తీరా సూస్తే పుస్తకం తిరగేసి పట్టుకున్నాడు! సేపల లెక్క మాత్రం నోటితో నాకంటే ముందు సెప్పేస్తాడు, అదే నోట్సులో రాయమంటే ఏడుపు. స్కూల్లో డల్ అంటన్నారు, వచ్చే ఏడాది వేరే స్కూలు సూసుకోమన్నారు. మా అత్తగారు దిష్టి అంటన్నాది. ఎవరికాడికి ఎల్లాలో, ఎంత కర్సు అవుతాదో తెలీదు. ఈడికి బుర్ర నేదేటి మేడం?

జవాబు: బుర్ర లేనోడు క్లాసులో పాఠం చెవితో విని, మొత్తం గుర్తుపెట్టుకుని, పుస్తకం తిరగేసి పట్టుకుని మరీ ఇన్నాళ్ళు మీ అందరికీ టోపీ పెట్టగలడా తల్లీ? బుర్ర ఉంది, బాగానే ఉంది. అక్షరం దగ్గర ఏదో అడ్డం పడుతోంది, అది ఏంటో తెలుసుకోవాలి, అంతే ఇప్పుడు మన పని.

నా దగ్గరికి మూడో తరగతి అబ్బాయి ఒకడు వచ్చేవాడు. బొమ్మల పుస్తకం తెరిస్తే కొంగ, తాబేలు, చెరువు అని టకటకా చెప్పేసేవాడు. ఒకరోజు చెరువు బొమ్మ మీద నా చెయ్యి అడ్డం పెట్టి కింద అక్షరాలు మాత్రం వదిలా. వాడు అక్షరాల వైపే చూడలేదు, నా వేళ్ళ సందుల్లోంచి బొమ్మ కనపడుతుందేమో అని తల వంచి వంచి చూశాడు, చివరికి నా వేలు చూసి "ఉంగరం" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు లెండి, ఎందుకంటే ఆ చిన్న తలకాయ అంతసేపు ఎంత కష్టపడిందో ఎదురుగా కనిపిస్తోంది.

మీరు కూడా ఇంట్లో ఒకటి చెయ్యండి. బొమ్మల్లేని తెల్లకాగితం మీద వాడు పుస్తకంలో ఎప్పుడూ చూడని మాటలు, కానీ రోజూ నోట్లో ఆడే మాటలు, ఓ ఆరేడు రాయండి. వల, తెడ్డు, గాలం, చుక్కాని, ఉప్పుచేప, ఇలాంటివి. చదవమనండి, తిట్టొద్దు, సరిచెయ్యొద్దు, వాడు ఏమన్నాడో పక్కన రాసుకోండి. "వల"ని "లవ" అంటున్నాడా, "తెడ్డు"లో వత్తు మింగేస్తున్నాడా, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నాడా, మకి యకి, పకి షకి తేడా తెలీట్లేదా. ఒకటి రెండు తరగతుల్లో ఈ తప్పులు అందరూ చేస్తారు, కంగారక్కర్లేదు. నాలుగో తరగతిలో కూడా అలాగే ఉన్నాయంటే మాత్రం ఊరుకోకూడదు. ఇది పరీక్ష కాదు, దీన్నిబట్టి ఎవరూ రోగం పేరు పెట్టకూడదు, రేపు డాక్టరు దగ్గర చూపించడానికి ఒక కాగితం అంతే.

మాట్లాడ్డం పిల్లలకి వింటూ వింటూ వచ్చేస్తుంది, చదవడం అలా రాదు, ఈ గీతకి ఈ శబ్దం అని బుర్ర ముడి వెయ్యాలి. కొంతమంది పిల్లలకి తెలివి మామూలుగా ఉన్నా ఆ ముడి పడటం కష్టం, చాలా ఇళ్ళల్లో ఇది తండ్రికో మేనమామకో కూడా ఉండి ఉంటుంది, ఎవరూ గుర్తించి ఉండరు. చదవడంలో వస్తే డిస్లెక్సియా అంటారు, రాయడంలో అయితే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో అయితే డిస్‌కాలిక్యులియా. తెలుగులో అచ్చులూ హల్లులూ నేర్చుకుంటే అయిపోదు కదా, గుణింతాలు, వత్తులు కలిసేసరికి వందల రూపాలు అవుతాయి, ఇంగ్లీషులో అక్షరాలు 26 అయినా రాసేదొకటి పలికేదొకటి. మీవాడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నిలబడ్డాడు, అందులోనూ రెండూ ఊగుతున్నాయి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్నారు కదా. ముందు కళ్ళు, చెవులు చూపించండి. చిన్నప్పుడు చెవి కారిందా, జలుబు చేసినప్పుడల్లా టీవీ సౌండ్ పెంచుతాడా? తకి దకి తేడా చెవికే సరిగ్గా వినపడకపోతే కాగితం మీద ఎలా వస్తుంది. దీనికి మీ పీహెచ్‌సీ చాలు. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అని ఒక ప్రోగ్రాం ఉంది, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూడాలి, చదువులో వచ్చే ఇబ్బందులు కూడా వాళ్ళ లిస్టులో ఉన్నాయి. వాళ్ళ టీములు అంగన్వాడీలకి, గవర్నమెంటు బళ్ళకి వెళ్తాయి గానీ మీవాడి స్కూలుకి రారు, కాబట్టి మీరే పీహెచ్‌సీకి వెళ్ళి ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాలో ఉండే డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదలలో ఇబ్బందులు చూసే కేంద్రానికి, రాసివ్వమని అడగండి. ఆశా అక్కని వెంటబెట్టుకెళ్తే పని తొందరగా అవుతుంది, అనుభవంతో చెప్తున్నా.

రెండోది మీ మండలంలో భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద నడుస్తుంది, ఎక్కువగా హైస్కూలు ఆవరణలోనో ఎంఆర్‌సీ (మండల రిసోర్స్ సెంటర్) దగ్గరో ఉంటుంది, ఎంఈవో ఆఫీసులో అడిగితే చెప్తారు, ఫీజు లేదు. నేను పనిచేసిన రోజుల్లో ప్రైవేట్ స్కూలు పిల్లలు వచ్చినా చూసేదాన్ని. ఒక్క మాట ముందే చెప్తా. అక్కడ నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు కూడా ఉంటారు, వాళ్ళని చూడగానే "అమ్మో, మావాడు ఇలాంటోడు కాదు" అని గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయిన తల్లుల్ని ఎంతమందినో చూశా. వెనక్కి వెళ్ళొద్దు, లోపలికెళ్ళి కూర్చోండి. అక్కడి టీచరు అందరికీ డిస్లెక్సియా మీద పట్టు ఉంటుందని నేను గ్యారంటీ ఇవ్వను, కానీ తర్వాత ఎక్కడికి వెళ్ళాలో దారి అక్కడ తెలుస్తుంది.

మూడోది అసలు పరీక్ష. కేంద్రం ఇచ్చిన రూల్స్ ప్రకారం ఎనిమిదేళ్ళు దాటాకే దీన్ని తేలుస్తారు, మీవాడికి తొమ్మిది కాబట్టి సరైన టైములోనే ఉన్నారు. పిల్లల డాక్టరు చూస్తారు, క్లినికల్ సైకాలజిస్టు ముందు తెలివితేటల పరీక్ష చేసి తర్వాత చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా చూస్తారు, దీనికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు తయారుచేసిన పరీక్షలు ఉన్నాయి. జిల్లా గవర్నమెంటు ఆసుపత్రిలో పిల్లల విభాగంలో ముందు అడగండి, అక్కడ సైకాలజిస్టు లేరంటే విశాఖపట్నంలో కేజీహెచ్ (పెద్దాసుపత్రి) గానీ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి గానీ. మానసిక ఆసుపత్రి అనగానే ఉలిక్కిపడొద్దు, పిల్లాణ్ణి ఎవరూ పిచ్చోడనరు, ఊళ్ళో చెప్పకండి అంతే, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇంకా పెద్ద చోటు కావాలంటే సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్ ఉంది, బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, కానీ మీవాడి విషయానికి అంత దూరం అక్కర్లేదనే నా ఉద్దేశం.

వెళ్ళేటప్పుడు రెండేళ్ళ నోట్సులు పట్టుకెళ్ళండి, చక్కగా అట్టలేసినవి కాదు, కొట్టివేతలు ఉన్నవి, ఏడుస్తూ రాసినవి. పాత పరీక్ష పేపర్లు, మీరు ఇంట్లో రాసుకున్న ఆ కాగితం, వాడికి మాటలు ఏ వయసులో వచ్చాయో గుర్తున్నంత రాసుకుని వెళ్ళండి.

ఖర్చంటే, గవర్నమెంటులో ఎక్కువయ్యేది చార్జీలు, రెండు మూడు రోజుల కూలి, ఎందుకంటే ఒక్కసారిలో తేలదు. ప్రైవేటులో అయితే ఫీజు అడిగే ముందు ఇంకోటి అడగండి: పరీక్ష చేసేది ఎవరు, వాళ్ళకి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని. క్లినికల్ సైకాలజిస్టుకైనా స్పెషల్ టీచరుకైనా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నంబరు ఉండాలి. బోర్డు మీద పది రంగుల్లో పజిల్ ముక్కలు వేసుకుని, నంబరు అడిగితే మొహం చిట్లించేవాళ్ళు పట్నాల్లో ఎక్కువైపోయారు.

స్కూలు మార్చమన్నారు కదా, తొందరపడి టీసీ తీసుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లాణ్ణి స్కూల్లోంచి పంపెయ్యడానికి లేదు, కొట్టడానికీ లేదు, మాటలతో కుళ్ళబొడవడానికీ లేదు. "సరే సార్, ఎందుకు పంపిస్తున్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. నోటితో చెప్పినంత సులువుగా ఎవరూ కాగితం మీద రాయరు. మీకు మీరుగా తెలుగు మీడియం బడికి మార్చాలనిపిస్తే అది వేరే సంగతి, అందులో తప్పేం లేదు, ఒక పడవ తగ్గుతుంది.

ఇంటి దగ్గర రోజూ పావుగంట చాలు. అక్షరాభ్యాసం రోజు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయించారు కదా, మళ్ళీ అదే చెయ్యండి. మీకైతే ఇసక కూడా ఉంది. వేలితో పెద్దగా రాస్తూ పైకి పలకాలి, కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పనిచెయ్యాలి, రోజుకి ఒక్క గుణింతం, అది వచ్చేదాకా రెండోది వద్దు. పది సార్లు ఇంపోజిషన్ రాయిస్తే పది సార్లు తప్పే ప్రాక్టీస్ అవుతుంది. వాళ్ళ నాన్న ఫోన్ చేసినప్పుడు "చదువుతున్నావా" అని అడగొద్దనండి, ఆరోజు ఏ చేప కేజీ ఎంత పలికిందో అడగమనండి.

ఇక దిష్టి. తీయించండి, ఉప్పూ మిరపకాయలకి ఎంతవుతుంది, అత్తగారి మనసూ కుదుటపడుతుంది. కాకపోతే దిష్టి తీశాం కదా అని ఎంఈవో ఆఫీసు బస్సు మానెయ్యకండి.

ప్రశ్న: మాది విజయనగరం, చిన్న కిరాణా షాపు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 14 ఏళ్ళు. వైజాగ్‌లో ఒక సైకాలజిస్టు డిస్లెక్సియా అని రిపోర్టు ఇచ్చారు. సర్టిఫికెట్ తీసుకుంటే టెన్త్‌లో ఉపయోగం అన్నారు. మా ఇంట్లో ఆడాళ్ళు వద్దంటున్నారు, ఆడపిల్లకి వికలాంగురాలని ముద్ర వేయిస్తే రేపు పెళ్ళెలా అవుతుంది అని. నాకూ భయంగానే ఉంది మేడం.

జవాబు: బాబూ, ముద్ర గురించి ముందు మా ఇంటి సంగతి చెప్తా. మా తమ్ముడికి చిన్నప్పుడు ఇలాగే అక్షరాలు వచ్చేవి కాదు, ఆ రోజుల్లో ఈ పేర్లు ఎవరికి తెలుసు, ఒక స్కూల్లో మాస్టారు రోజూ బెంచీ ఎక్కించి అందరితో "మొద్దు" అనిపించేవారు. వాడు ఏడో తరగతి దాటలేదు. ఇప్పుడు మోటార్ వైండింగ్ షాపు ఉంది, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ పంపుసెట్లు వాడి దగ్గరికే వస్తాయి, కానీ ఇవాళ్టికీ బస్సు బోర్డు చదవడు, పక్కనున్నవాళ్ళని ఊరికే మాటల్లో పెట్టినట్టు పెట్టి ఏ బస్సో కనుక్కుంటాడు. వాడికి ఏ సర్టిఫికెట్టూ లేదు. అయినా ముద్ర పడింది కదా, అది కూడా తప్పు ముద్ర.

ఇప్పుడు అసలు విషయం. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇది లేదు. 2016 చట్టంలో 21 చేశారు, అందులో ఇది చేరింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సైకాలజిస్టు రిపోర్టు వేరు, సర్టిఫికెట్ వేరు. సర్టిఫికెట్ గవర్నమెంటు మెడికల్ బోర్డే ఇవ్వాలి, సచివాలయంలో గానీ మీ సేవలో గానీ సదరం (వైకల్య పరీక్ష) స్లాట్ పెట్టించుకోవాలి, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకి స్వావలంబన్ పోర్టల్ ఉంది. ఎనిమిదేళ్ళు నిండాక ఒకసారి, 14 ఏళ్ళ వయసులో ఒకసారి, 18లో ఒకసారి చూడాలని రూలు, మీ అమ్మాయికి ఇప్పుడు 14, అంటే ఇప్పుడు తీసుకున్నది టెన్త్‌కే కాదు ఇంటర్‌కి కూడా పనికొస్తుంది. స్లాట్లు వెంటనే దొరకవు, తొమ్మిదిలోనే మొదలుపెట్టండి, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల లిస్టు) వెళ్ళేటప్పటికి కాగితం హెడ్మాస్టారు చేతిలో ఉండాలి, పరీక్షలకి నెల ముందు పరిగెడితే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఉపయోగం ఏంటంటే ఎక్కువ టైము, కావాలంటే రాసిపెట్టే మనిషి. 2018లో కేంద్రం చెప్పిన లెక్క గంటకి కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట. ఆ గంట విలువ మామూలు పిల్లల తల్లిదండ్రులకి అర్థం కాదు, మీ అమ్మాయిని అడగండి చెప్తుంది, ప్రశ్న చదవడానికే సగం టైము పోతుంది తనకి. 40 శాతం రాకపోతే ఏమీ ఇవ్వరని ఎవరైనా అంటే నమ్మొద్దు, 40 శాతం అన్నది రిజర్వేషన్ లాంటి వాటికి. 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో రాసిపెట్టే మనిషిని ఇవ్వడానికి 40 శాతం ఉండాలని పట్టుబట్టడం తప్పని చెప్పింది. అదే ఏడాది డిస్‌గ్రాఫియా ఉన్న అమ్మాయికి నీట్‌లో అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాగేసుకుంటే ఆ అమ్మాయి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, పరీక్ష పెట్టినవాళ్ళదే తప్పని కోర్టు తేల్చింది. ఆ అమ్మాయి డాక్టరవ్వాలనుకుంటోంది చూడండి, పెళ్ళి గురించి కాదు ఆ గొడవ.

రాసిపెట్టే మనిషి విషయంలో ఒక జాగ్రత్త. మా కేంద్రానికి వచ్చే పిల్ల ఒకతి మొదటిసారి స్క్రైబ్‌తో మోడల్ పరీక్షకి కూర్చుని 20 నిమిషాలు నోరు విప్పలేదు, జవాబు రాక కాదు, తనకంటే చిన్న క్లాసు పిల్లకి పైకి చెప్పాలంటే సిగ్గు. పూర్ణవిరామం ఎక్కడ, పేరా ఎక్కడ అని కూడా నోటితోనే చెప్పాలి కదా, అది వేరే విద్య. ఇప్పట్నుంచే ఇంట్లో వారానికి ఒక జవాబు మీకు చెప్పి రాయించమనండి, షాపులో గిరాకీ లేనప్పుడు.

పెళ్ళి మాట. కార్డు మీ బీరువాలో ఉంటుంది, మీరు తీసి చూపిస్తేనే ఎవరికైనా తెలుస్తుంది. సీబీఎస్ఈ అయితే మూడో భాషలో మినహాయింపు లాంటివి కూడా ఉంటాయి, మీది ఏ సిలబస్సో రాయలేదు, స్కూల్లో కనుక్కోండి. ఇన్ని రాశారు గానీ మీ ఉత్తరంలో ఒకటి లేదు. ఇంట్లో ఆడాళ్ళు ఏమన్నారో రాశారు, మీకు భయమని రాశారు, అమ్మాయి ఏమందో రాయలేదు. 14 ఏళ్ళ పిల్ల, అడగండి.

ప్రశ్న: మా బాబుకి జ్ఞాపకశక్తి తక్కువ. సరస్వతి లేహ్యం, మెమరీ టానిక్, అబాకస్ ఏది మంచిది? (బొబ్బిలి)

జవాబు: మూడూ కాదు. డిస్లెక్సియాకి మందు లేదు, టానిక్ లేదు, నేర్పే పద్ధతి మార్చడమే మందు. ఒక్కచోట కూర్చోలేకపోవడం, పట్టుమని రెండు నిమిషాలు ఒక పని మీద ఉండలేకపోవడం బాగా ఎక్కువగా ఉంటే అది ఏడీహెచ్‌డీ కావచ్చు, దానికి మందులు ఉన్నాయి గానీ అవి డాక్టరు చూసి రాయాల్సినవి, మెడికల్ షాపులో అడిగి కొనేవి కావు. ఆ టానిక్ డబ్బులతో విశాఖ వెళ్ళి రావచ్చు.

ప్రశ్న: నేను సీతంపేట వైపు చిన్న బడిలో కొత్తగా చేరిన టీచర్ని. రెండో తరగతిలో ఆరుగురు సవర గిరిజన పిల్లలు, తెలుగు చదవమంటే మొహం చూస్తారు, ఆరుగురినీ స్లో లెర్నర్స్ లిస్టులో రాయమంటున్నారు. రాయాలా?

జవాబు: వద్దమ్మా, ఆగు. ఒకే క్లాసులో ఒకే భాష మాట్లాడే ఆరుగురికి ఆరుగురూ డిస్లెక్సియా వాళ్ళు అవ్వరు. వాళ్ళకి రానిది చదవడం కాదు, తెలుగు. ఇంట్లో సవర మాట్లాడి బడికొచ్చి "ఇది బంతి" అంటే ఆ శబ్దమే కొత్త. ముందు వాళ్ళ భాషలో కథ చెప్పమను, చెప్పింది వరస తప్పకుండా చెప్తున్నారా, వేరే పిల్లలు చెప్పింది అర్థమవుతోందా చూడు. ఆ ఆరుగురిలో ఒక్కడు సవరలో కూడా తడబడుతున్నాడు, విన్నది మర్చిపోతున్నాడు, మిగతా ఐదుగురికీ వాడికీ తేడా ఉంది అనిపిస్తే వాడి పేరు రాయి, వాడికి నిజంగా మన సాయం కావాలి.

నూరేళ్ళ పైమాటే, గిడుగు రామమూర్తి గారు చేసింది ఇదే. మన పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, వాళ్ళ భాషలో పుస్తకాలు రాసి, వాళ్ళ పిల్లలకి బళ్ళు పెట్టించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం, సవర సంగతి ఎవరికీ గుర్తురాదు. సవరలో తయారుచేసిన వాచకాలు కూడా వచ్చాయి, మీ ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి ఆఫీసులో) అడుగు. (సీతంపేట 2022 నుంచి మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ నా నోటికి ఇంకా శ్రీకాకుళమే వస్తుంది.)

ప్రశ్న: రాజాం నుంచి. మా పాపకి చదవడం, రాయడం రెండూ కష్టం, పరీక్ష చేయించాం, తేలింది. డాక్టర్లు, కాగితాలు అన్నీ అయ్యాయి మేడం. నాకు కావాల్సింది ఇంకోటి. మా ఇంట్లో, మా వీధిలో ఇది అర్థమయ్యే మనిషి ఒక్కరు లేరు. నాలాంటి అమ్మలు ఎక్కడైనా ఉంటారా, ఎలా కలవాలి?

జవాబు: ఉంటారమ్మా, మీ పక్క వీధిలోనే ఉంటారు, వాళ్ళు కూడా మీలాగే ఎవరికీ చెప్పుకోకుండా ట్యూషన్లు మారుస్తూ ఉంటారు. మా భవితలో ఫిజియోథెరపీ రోజున తల్లులందరూ బయట వరండాలో కూర్చునేవారు, లోపల నేను పిల్లలకి చెప్పిన దానికంటే బయట వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నదే ఎక్కువ పనికొచ్చింది అని నాకు చాలాసార్లు అనిపించింది, ఏ డాక్టరు విసుక్కోడు, ఏ టైములో వెళ్తే లైను తక్కువ, ఏ టీచరు ఓపికమంతురాలు, అన్నీ అక్కడే. ఒకావిడ ఇంటి నుంచి జంతికలు పట్టుకొచ్చేది, ఆవిడ రాని రోజు ఎవరికీ తోచేది కాదు.

మీ మండలం భవిత కేంద్రానికి అలాంటి రోజు చూసుకుని వెళ్ళండి. మీ పాప గవర్నమెంటు బడిలో ఉంటే స్కూల్ కమిటీ ఉంటుంది, చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, ఈసారి మీరు నిలబడండి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, మళ్ళీ అలాంటిది పెట్టినప్పుడు రంగవల్లులు, తాడులాగుడు పోటీలు అయ్యాక లేచి "మా పాపకి డిస్లెక్సియా ఉంది, ఇంకెవరికైనా ఉంటే నాతో మాట్లాడండి" అని ఒక్క వాక్యం చెప్పండి. ఆ పూట ఎవరూ మాట్లాడరు. సాయంత్రానికి ఒకరిద్దరు ఫోన్ చేస్తారు.

నలుగురు దొరికితే వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, ఒక్క కట్టుబాటు ఉండాలి, పిల్లల ఫొటోలు, రిపోర్టులు, మార్కులు గ్రూపులో పెట్టకూడదు, ఎందుకంటే అవి ఎక్కడికి పోతాయో మన చేతిలో ఉండదు, పిల్లలు పెద్దయ్యాక చూసుకుంటారు కూడా. గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా వద్దనే నేనంటాను గానీ అది మీ ఇష్టం. మీకు రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం లాంటివి ఉంటే 14416కి చెయ్యండి, టెలీ మానస్, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పిల్ల గురించి కాదు, మీ గురించి చెప్పుకోడానికి.

నలుగురున్నారంటే ఇంకో పని కూడా అవుతుంది. ఒక్క తల్లి వెళ్ళి మా మండలంలో స్పెషల్ టీచరు లేరు అంటే "చూస్తాం అమ్మా" అంటారు, నలుగురు కలిసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి ఒకే అర్జీ పట్టుకెళ్తే డీఈవో ఆఫీసుకి కాగితం కదులుతుంది. పాపల పేర్లు అర్జీలో పూర్తిగా రాయక్కర్లేదు, తరగతి, స్కూలు, ఏం కావాలి, అంతే. ఇచ్చాక రసీదు తీసుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి, ఆ నంబరు ఒక్కటి మాత్రం ఫొటో తీసి గ్రూపులో పెట్టుకోండి.